గిన్నె కొలత నుంచి గ్రాముల లెక్కకు

తెలుగు ఇళ్లలోని వంట జ్ఞానంలో ఎక్కువ భాగం గిన్నె కొలతల రూపంలోనే ఒక తరం నుంచి మరో తరానికి అందింది. ఇడ్లీకి గిన్నెడు మినప్పప్పుకు రెండు గిన్నెల రవ్వ అనీ, అన్నానికి గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు అనీ, ఆవకాయకు ఉప్పూ కారమూ ఆవపిండీ సమానమనీ చెప్పినప్పుడు ఏ గిన్నె, ఎంత గిన్నె అన్న ప్రశ్న తలెత్తదు. అన్నిటినీ ఒకే పాత్రతో కొలిచినంత కాలం, ఆ పాత్ర చిన్నదైనా పెద్దదైనా రుచిలో తేడా రాదు. ఈ పద్ధతి బలమంతా అక్కడే ఉంది. అయితే సరుకులు కిలోల లెక్కన కొనవలసి వచ్చినప్పుడు, పిండిమరలో తూకం వేయించవలసి వచ్చినప్పుడు, పది మందికి చేసే వంటను రెండు వందల మందికి పెంచవలసి వచ్చినప్పుడు, లేదా దూరదేశంలో ఉన్న పిల్లలకు కొలతలు రాసి పంపవలసి వచ్చినప్పుడు గిన్నెలను గ్రాములుగా మార్చడం తప్పనిసరి అవుతుంది. ఆ మార్పిడిలో జరిగే పొరపాట్లలో చాలా వాటికి మూలం ఒక్కటే: సరుకులను మార్చడానికి బదులు నిష్పత్తిని మార్చడం. గిన్నెల్లో ఒకటికి ఒకటి అయిన రెండు సరుకులు బరువులో కూడా ఒకటికి ఒకటి అవుతాయని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. మార్చవలసింది ఒక్కో సరుకునూ విడివిడిగా, దాని సొంత బరువును బట్టి మాత్రమే.

పాత కొలమానాలను గమనిస్తే ఈ వివేకం వాటిలోనే కనిపిస్తుంది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి అన్న వరుస అంతా పాత్రలో పట్టే చోటును కొలిచేదే. ధాన్యం, పప్పుదినుసులు, పాలు, నూనె వంటివి ఈ వరుసలో కొలిచేవారు. మరో వైపు మూడు తులాలు ఒక పలం, నలభై పలాలు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు అన్న వరుస తూకానికి సంబంధించినది. బెల్లం, చింతపండు, ఎండుమిర్చి, పసుపుకొమ్ములు, ఉల్లిపాయల వంటివి అందులో తూగేవి. అంటే పాత్రలో పోస్తే తనంతట తాను సర్దుకుని నిండేవాటిని పాత్రతోనూ, గడ్డలుగా, ముద్దలుగా, కాయలుగా ఉండి పాత్రలో సందులు మిగిల్చేవాటిని త్రాసుతోనూ కొలవాలని ఆ వ్యవస్థ ముందే తేల్చి పెట్టింది. తులం 11.66 గ్రాములు కనుక పలం సుమారు 35 గ్రాములకు, వీశె సుమారు 1.4 కిలోలకు సరిపోతుంది. మానికకు, కుంచానికి మాత్రం ఇలా ఒకే అంకె చెప్పడం సరికాదు, ఎందుకంటే ఒకే పేరుగల కొలపాత్ర ఒక్కో ప్రాంతంలో ఒక్కో పరిమాణంలో ఉండేది. 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చి, 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ పద్ధతి దశలవారీగా అమలులోకి వచ్చాక అంగళ్లలో కిలో, లీటరు స్థిరపడ్డాయి. వంటిళ్లలో మాత్రం గిన్నె, గ్లాసు, డబ్బా మూత నేటికీ కొలమానాలుగానే ఉన్నాయి. పాత కంచు సోలో ఇత్తడి తవ్వో ఇంట్లో మిగిలి ఉంటే, దాని పరిమాణం తెలుసుకోవడానికి పుస్తకాలు వెతకవలసిన పని లేదు; అంచు వరకు నీళ్లు పోసి, ఆ నీళ్లను తూచితే ఎన్ని గ్రాములు వస్తాయో దాదాపు అన్ని మిల్లీలీటర్లు ఆ పాత్ర పట్టినట్టు.

ఆ సులువు ఎందుకు కుదిరిందో గ్రహించాలంటే మూడు పదాలు అవసరం. ఒక పదార్థం ఆక్రమించే చోటును ఘనపరిమాణం అంటారు. దానిని మిల్లీలీటర్లలో, లీటర్లలో చెబుతారు. ఆ పదార్థంలో ఉన్న ద్రవ్యం మొత్తాన్ని ద్రవ్యరాశి అంటారు. వంటింటి వ్యవహారంలో బరువు అనేది దీనినే, గ్రాములలో. ఒక మిల్లీలీటరు చోటులో ఎన్ని గ్రాముల పదార్థం ఉందో తెలిపేది సాంద్రత. ఘనపరిమాణాన్ని సాంద్రతతో గుణిస్తే బరువు, బరువును సాంద్రతతో భాగిస్తే ఘనపరిమాణం వస్తాయి. మార్పిడికి కావలసిన గణితం ఇంతే. నీటి సాంద్రత మిల్లీలీటరుకు దాదాపు ఒక గ్రాము కనుక నీటికి రెండు లెక్కలూ ఒకటే అవుతాయి. పాలు నీటికంటే కొద్దిగా బరువు, మిల్లీలీటరుకు 1.03 గ్రాములు; నూనె, కరిగిన నెయ్యి తేలిక, సుమారు 0.91 గ్రాములు, తేనె చాలా బరువు, సుమారు 1.4 గ్రాములు. కాబట్టి 240 మిల్లీలీటర్ల కప్పులో నీళ్లు 240 గ్రాములు తూగితే, పాలు 247, నూనె 220, తేనె దాదాపు 340 గ్రాములు తూగుతాయి. ద్రవాలలో తేడాలు ఇంతటితో ఆగుతాయి.

నూనె విషయంలో ఒక చిన్న వివరం తెలుసుకోదగినది. వేడెక్కిన నూనె వ్యాకోచించి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, లీటరు అని చెప్పినప్పుడు అది ఎంత వేడి దగ్గర లీటరు అన్న ప్రశ్న వస్తుంది. సోయాబీన్ నూనె లీటరు 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర 919 గ్రాములు ఉంటే, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే ఉంటుంది. అందుకే 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వంటనూనెల తయారీదారులను ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా పరిమాణాన్ని ప్రకటించాలనీ, దాని పక్కన బరువును కూడా ముద్రించాలనీ కోరింది. నూనె ప్యాకెట్ మీద లీటరు పక్కన 910 గ్రాములు అని కనబడితే అది మోసం కాదు, నూనె సాంద్రత. అంతేకాదు, ఆ రెండు అంకెలూ కలిసి వంటింటికి కావలసిన మార్పిడి సూత్రాన్ని ఉచితంగా అందిస్తున్నాయి.

అసలు చిక్కు గింజలు, పిండ్లు, పొడుల దగ్గర మొదలవుతుంది. బియ్యపు గింజ తనంతట తాను నీటికంటే బరువైనది కనుకనే నీళ్లలో మునుగుతుంది. దాని సాంద్రత 1.45 వరకు ఉంటుంది. అయినా లీటరు గిన్నెలో బియ్యం పోస్తే కిలో కూడా తూగదు, 800 గ్రాముల దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే గింజకూ గింజకూ నడుమ నలభై శాతానికి పైగా చోటును గాలి ఆక్రమించి ఉంటుంది. గాలితో సహా లెక్కించిన ఈ సాంద్రతను స్థూల సాంద్రత అంటారు. వంటలో ఎప్పుడూ పనికివచ్చేది ఇదే. గింజ ఆకారం, పరిమాణం, తేమ, పోసిన తీరు, తట్టిన తీరు వీటిలో ఏది మారినా గాలి వాటా మారుతుంది, దానితో స్థూల సాంద్రత మారుతుంది.

పంచదార ఇందుకు మంచి ఉదాహరణ. 240 మిల్లీలీటర్ల కప్పులో పంచదార పలుకులు సుమారు 200 గ్రాములు తూగితే, అదే పంచదారను మెత్తగా పొడి చేసి అదే కప్పులో వదులుగా పోస్తే సుమారు 120 గ్రాములే తూగుతుంది. పదార్థం మారలేదు, తీపి మారలేదు, లోపలి గాలి మాత్రమే పెరిగింది. కాబట్టి కప్పు పంచదార పొడి చేసుకోవాలి అన్న వాక్యానికీ, పంచదార పొడి కప్పు తీసుకోవాలి అన్న వాక్యానికీ మధ్య 80 గ్రాముల తేడా ఉంటుంది. సున్నుండలకైనా రవ్వలడ్డూలకైనా ఇది నాలుక గుర్తుపట్టేటంత తేడా. మైదా, గోధుమపిండి ఇంకా చంచలమైనవి. జల్లించిన మైదాను చెంచాతో కప్పులోకి వేసి మట్టంగా గీస్తే 120 నుంచి 125 గ్రాములు రావచ్చు. కప్పునే డబ్బాలో ముంచి తీస్తే అదే పిండి 140 నుంచి 150 గ్రాముల దాకా పోవచ్చు. రొట్టెపిండి కలిపేటప్పుడు నీళ్లు ఒకరోజు సరిపోయి మరుసటి రోజు చాలకపోవడానికి కారణం చాలాసార్లు పిండి నాణ్యత కాదు, కొలిచిన తీరే. ఇక బెల్లం గిన్నె కొలతకు అసలు లొంగదు. గడ్డలుగా కొట్టినదానికి, తురిమి వదులుగా పోసినదానికి, తురిమి అదిమినదానికి మూడు రకాల బరువులు వస్తాయి. బెల్లాన్ని వీశెల్లో తూచిన పెద్దల పద్ధతే ఇప్పటికీ శరణ్యం.

కొలపాత్ర అంచును దాటి కుప్పగా పోయడం మరో పెద్ద తేడా. గింజలను కుప్ప పోస్తే అవి ఒక నిర్ణీతమైన వాలులో నిలబడతాయి, బియ్యానికి ఆ వాలు 35 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఆ లెక్కన, నిలువు గోడల కొలపాత్ర ఎత్తు దాని మూతి వెడల్పుతో సమానమైతే, గోపురంగా పోసిన కొలత మట్టంగా పోసిన కొలత కంటే పదింట ఒక వంతుకు పైగా పెరుగుతుంది. పాత్ర ఎత్తు వెడల్పులో సగమే అయితే ఆ పెరుగుదల దాదాపు నాలుగో వంతుకు చేరుతుంది. వెడల్పాటి పళ్లెం వంటి గిన్నెతో కుప్పగా కొలిచే అలవాటు ఉన్న ఇంట్లో ఒక గిన్నె అంటే నిజానికి గిన్నెంబావు అన్నమాట. అమెరికాలో 1896లో వెలువడిన బోస్టన్ కుకింగ్ స్కూల్ కుక్ బుక్‌లో ఫ్యానీ ఫార్మర్ ప్రతి చెంచానూ కప్పునూ కత్తి అంచుతో మట్టంగా గీసి కొలవాలని పట్టుబట్టడానికి కారణం ఇదే. రాతలోకి ఎక్కే కొలత ఏదైనా మట్టపు కొలతగానే ఎక్కాలి.

ఇప్పటివరకు చెప్పినదంతా ఎంత తీవ్రమైన ఫలితానికి దారితీయగలదో చూడటానికి ఆవకాయను మించిన ఉదాహరణ లేదు. ఉప్పు, కారం, ఆవపిండి సమానం అన్న సూత్రం చాలా ఇళ్లలో గిన్నెల సూత్రమే. మెత్తని ఉప్పు చెంచాకు ఆరు గ్రాములు తూగుతుంది, కప్పుకు సుమారు 290 గ్రాములు. కారం పొడి అదే కప్పుకు సుమారు 125 గ్రాములు, మెత్తని ఆవపిండి సుమారు 100 గ్రాములు మాత్రమే. ఇంట్లో దంచినదో, మరలో పట్టించినదో, బరకగా ఉన్నదో అనే దాన్ని బట్టి చివరి రెండు అంకెలు అటూ ఇటూ అవుతాయి కానీ, ఉప్పు ఆ రెంటికంటే రెట్టింపుకు మించి బరువన్న విషయం మారదు. అంటే కప్పుల్లో సమానంగా కలిపిన 515 గ్రాముల మిశ్రమంలో సగానికి పైగా, దాదాపు 56 శాతం, ఉప్పే ఉంటుంది.

ఇప్పుడు ఈ సూత్రాన్ని ఎవరైనా బరువులో సమానం అని రాసుకున్నారని అనుకుంటే, అదే 515 గ్రాముల మిశ్రమంలో మూడింటికీ తలా 172 గ్రాములు పడతాయి. ఉప్పు 290 నుంచి 172కు, అంటే నలభై శాతం మేర తగ్గిపోతుంది; ఆవపిండి మాత్రం వంద నుంచి 172కు పెరుగుతుంది. పచ్చడి చేదెక్కడం ఇందులో చిన్న నష్టం. ఆవకాయను ఏడాది పొడుగునా నిలబెట్టే వాటిలో మామిడి పులుపుతోనూ, పైన తేలే నూనెతోనూ పాటు ఉప్పుది ప్రధానమైన పాత్ర. అది ముక్కలోని నీటిని బయటికి లాగి, సూక్ష్మజీవులు పెరగడానికి వీలు లేని స్థితిని కల్పిస్తుంది. ఉప్పు అంతగా తగ్గిన జాడీకి వానాకాలం రాకముందే బూజు పట్టే ప్రమాదం ఉంది. ఇందుకు విరుద్ధంగా, బరువుల సూత్రాన్ని అందుకుని గిన్నెలతో కొలిచినవారి పచ్చడి నోట పెట్టుకోలేనంత ఉప్పగా తయారవుతుంది. రెండు సూత్రాలూ వేటికవి సరైనవే. ఒకదాని మాటలను మరొకదాని పాత్రలో పోయడమే దోషం.

ఉప్పు రకం ఇక్కడ మరొక మెలిక పెడుతుంది. రాళ్ల ఉప్పులో రాయికీ రాయికీ నడుమ ఖాళీ ఎక్కువ కనుక గిన్నెడు రాళ్ల ఉప్పు గిన్నెడు మెత్తని ఉప్పు కంటే తక్కువ తూగుతుంది. గాలిలోని తేమను పీల్చుకుని ఉంటే ఆ బరువులో కొంత నీళ్లే. పెద్దలు ఆవకాయకు ముందు రాళ్ల ఉప్పును ఎండలో పోసి, ఆరాక దంచి, అప్పుడే కొలిచేవారు. రుచి సంగతి అటుంచితే, కొలత ఏటేటా ఒకేలా ఉండటానికి అది తప్పనిసరి అయిన పని. అదే సూత్రాన్ని నేడు ప్యాకెట్ ఉప్పుతో పాటించాలనుకునేవారు గిన్నెకు గిన్నె వేయకూడదు. దంచిన రాళ్ల ఉప్పు గిన్నెడును ముందు తూచి, అన్ని గ్రాముల ప్యాకెట్ ఉప్పును వేయాలి. మామిడి ముక్కలకూ ఇదే వర్తిస్తుంది. పెద్ద ముక్కలు గిన్నెలో పెద్ద సందులు వదులుతాయి, చిన్న ముక్కలు దగ్గరగా సర్దుకుంటాయి కనుక, ముక్క పరిమాణం మార్చిన ఏడాది గిన్నెల లెక్క నమ్మదగినది కాదు. ముక్కలను టెంకతో సహా తూచి రాసుకోవడమే మేలు.

అచ్చు పుస్తకాల్లోని మార్పిడి పట్టికలు, ఈ అధ్యాయంలో ఇచ్చిన అంకెలతో సహా, ఆరంభానికి మాత్రమే పనికివస్తాయి. ప్రతి వంటింటికీ తన గిన్నెతో, తన సరుకులతో తయారైన సొంత పట్టిక ఉండాలి. దానికి ఒక డిజిటల్ కాటా, ఒక నోటుపుస్తకం, ఒక మధ్యాహ్నం చాలు. ముందుగా కాటా సరిగా ఉందో లేదో చూసుకోవాలి. అర లీటరు పాల ప్యాకెట్‌లో పాలు 515 గ్రాములు ఉంటాయి కనుక, కవరు బరువు కొద్దిగా కలుపుకుని కాటా ఆ అంకెకు దగ్గరగా చూపిస్తే దానిని నమ్మవచ్చు. తరువాత ఇంట్లో నిత్యం వాడే గిన్నెను లేదా గ్లాసును ఎంచుకుని, దానిని ఖాళీగా కాటా మీద పెట్టి, మీట నొక్కి సున్నా చేసి, నీళ్లతో నింపి, దాని పరిమాణాన్ని పుస్తకంలో మొదటి పంక్తిగా రాయాలి. ఆ పంక్తి లేని పట్టిక ఆ గిన్నె పోయిన రోజున దానితోపాటే పోతుంది.

అటుపైన గిన్నెను పొడిగా తుడిచి ఒక్కో సరుకునూ మట్టంగా నింపి తూచాలి. ఒకే సరుకును మూడుసార్లు ఖాళీ చేసి నింపి తూచి, సగటును రాసుకోవాలి. కందిపప్పు, పెసరపప్పు, బియ్యం వంటివి మూడుసార్లూ ఇంచుమించు ఒకే అంకెను చూపుతాయి, పిండ్లు చూపవు. ఆ తేడాయే ఒక సమాచారం: మూడు తూకాల మధ్య ఇరవయ్యో వంతుకు మించిన తేడా వస్తున్న సరుకును ఇకపై గిన్నెతో కొలవకుండా తూచి వాడాలని అది చెబుతుంది. సరుకు పేరు ఒక్కటే రాస్తే చాలదు. సన్న బియ్యమా దొడ్డు బియ్యమా, బొంబాయి రవ్వా ఇడ్లీ రవ్వా, ముక్కల మినప్పప్పా గుండు మినుములా, పిండి జల్లించినదా కానిదా అన్నవి పక్కనే ఉండాలి. కొత్త బియ్యం, పాత బియ్యం కూడా విడిగా రాసుకోవడం మంచిది, వాటి తూకంలో తేడా స్వల్పమే అయినా అవి పీల్చే నీళ్లలో తేడా స్వల్పం కాదు కనుక.

నీళ్ల సంగతి వచ్చింది కనుక అన్నం లెక్కను విప్పి చూడటం అవసరం. ఒకటికి రెండు అన్నది గ్లాసుల నిష్పత్తి. 240 మిల్లీలీటర్ల గ్లాసు బియ్యం సుమారు 195 గ్రాములు, రెండు గ్లాసుల నీళ్లు 480 గ్రాములు. కాబట్టి బరువులో ఇది ఒకటికి దాదాపు రెండున్నర అవుతుంది. ఈ తేడా తెలియక 195 గ్రాముల బియ్యానికి 390 గ్రాముల నీళ్లు పోస్తే 90 మిల్లీలీటర్లు తక్కువై అన్నం పలుకుగా మిగులుతుంది. ఇంటి వంటలో దీనిని మరో చెంబు నీళ్లతో సర్దవచ్చు కానీ, పాతిక కిలోల బస్తాను ఒకేసారి వండే పెళ్లి వంటలో అదే తప్పు పదకొండు లీటర్లకు పైగా నీటి కొరతగా మారుతుంది.

నానబెట్టిన సరుకులలో బరువు కూడా మాయ చేస్తుంది. అరిసెలకు కిలో బియ్యానికి ఇంత బెల్లం అని చెప్పే లెక్కలో కిలో అంటే పొడి బియ్యం. ఆ బియ్యం రాత్రంతా నాని, వడకట్టి, పిండి పట్టేసరికి దాదాపు నాలుగో వంతు నీటిని పీల్చుకుని కిలోంబావు తడిపిండి అవుతుంది. సంక్రాంతి రోజుల్లో పట్టణాల్లో తయారుగా దొరికే తడిపిండిని కిలో కొనేవారికి నిజానికి అందేది సుమారు 800 గ్రాముల బియ్యమే. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం వేసే ఇంట్లో ఆ పిండికి 750 గ్రాములు కాక 600 గ్రాముల బెల్లం పాకం పట్టాలి. పాకంలో మిగిలే ఆ 150 గ్రాముల తేడాకు అరిసె నూనెలో విడిపోవచ్చు.

విదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇంకో చిక్కు ఎదురవుతుంది, అక్కడ కప్పు అన్న మాటకే ఒక్కో దేశంలో ఒక్కో అర్థం ఉంది. అమెరికా కప్పు 236.6 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియా కప్పు 250, జపాన్ కప్పు 200. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు తరచుగా 180 మిల్లీలీటర్లదే, అది జపాన్ పాత బియ్యపు కొలత నుంచి వచ్చింది. పెద్ద చెంచా చాలాచోట్ల 15 మిల్లీలీటర్లు అయితే ఆస్ట్రేలియాలో 20. కుక్కర్ కప్పుతో బియ్యం కొలిచి అమెరికా కప్పుతో నీళ్లు పోస్తే ఒకటికి రెండు అన్న నిష్పత్తి ఒకటికి రెండున్నర దాటిపోతుంది. అంతకంటే ఎక్కువగా మోసపుచ్చేది ఔన్సు. బరువు ఔన్సు 28.35 గ్రాములు, ద్రవ ఔన్సు అమెరికాలో 29.57 మిల్లీలీటర్లు, నీటికి ఈ రెండూ దగ్గరగా ఉండటం వల్ల అవి ఒకటే అన్న భ్రమ కలుగుతుంది కానీ, ఎనిమిది ద్రవ ఔన్సుల తేనె తూకంలో పన్నెండు ఔన్సులు ఉంటుంది. ఇంట్లో వెన్న కాచి నెయ్యి చేసుకునేవారు గుర్తుంచుకోవలసిన లెక్క కూడా ఒకటుంది: అక్కడ పౌను వెన్న 454 గ్రాములు, అందులో కొవ్వు 80 శాతం ప్రాంతంలో ఉంటుంది కనుక చేతికి వచ్చే నెయ్యి సుమారు 360 గ్రాములు, ఘనపరిమాణంలో అది 400 మిల్లీలీటర్లకు మించదు.

ఇంతా చెప్పినందువల్ల ప్రతిదానినీ తూచాలని అర్థం కాదు. గ్రాము కంటే చిన్న అంకెను చూపని వంటింటి కాటా మీద రెండు గ్రాముల వంటసోడాను తూచడం వృథా. అర గ్రాము అటూ ఇటూ అయితే అందులోనే నాలుగో వంతు తప్పు వచ్చేస్తుంది. సోడా, ఈస్టు, ఇంగువ, పసుపు, ఏలకుల పొడి వంటి కొద్దిపాటి సరుకులకు ఐదు మిల్లీలీటర్ల కొలచెంచాను మట్టంగా గీసి వాడటమే సరైన పద్ధతి. ద్రవాలను ఏ విధంగా కొలిచినా ఇబ్బంది లేదు. పిండ్లు, బెల్లం, చింతపండు, నిలవ పచ్చళ్లలో ఉప్పు, తరిగిన కూరగాయలు మాత్రం తూకానికే చెందుతాయి. గోంగూర కట్ట, కొత్తిమీర కట్ట వంటివి ఊరికో పరిమాణంలో ఉంటాయి కనుక వాటిని కాడలు గిల్లిన ఆకు బరువుతో తప్ప మరో విధంగా రాయడం కుదరదు.

ఇంటి పెద్దల చేతి కొలతను రాతలోకి ఎక్కించే అవకాశం ఉన్నవారు దానిని వాయిదా వేయకూడదు. వారు ఎప్పటిలాగే తమ గిన్నెతో, తమ పిడికిలితో తీసి వేస్తూ ఉండగా, గిన్నెలో పడేలోపు ప్రతి సరుకునూ కాటా మీదుగా నడిపించి అంకె రాసుకోవాలి. వారి పద్ధతిని మార్చమని అడగవలసిన పని లేదు. ఆ రాతలో గిన్నె ఎన్ని మిల్లీలీటర్లదో, కొలత మట్టమో గోపురమో, ఉప్పు రాళ్లదో మెత్తనిదో, బియ్యం పొడివో నానినవో తప్పనిసరిగా ఉండాలి. వచ్చే వేసవిలో ఆవకాయ కలిపే రోజున, నూనె పోయకముందే, కాటాను జాడీ పక్కన సిద్ధంగా పెట్టుకోండి.